వరుస తప్పని కాయిల్: మెషిన్ మీద ట్రాన్స్‌ఫార్మర్ బాబిన్ ఎలా చుట్టాలి

మెషిన్ ఉన్నంత మాత్రాన బాబిన్ (వైరు చుట్టే ప్లాస్టిక్ చట్రం) మీద వైరు వరుసగా పడదు. మీరు పెట్టిన పిచ్‌ను (పక్కపక్క చుట్ల మధ్య దూరం), మీరు బిగించిన టెన్షన్‌ను (వైరు బిగువు) మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా మారకుండా నడపడమే మెషిన్ పని. పెట్టిందే తప్పయితే ఆ తప్పునే వందల సార్లు చుడుతుంది. అందుకే ఈ వ్యాసంలో స్విచ్ వేయడానికి ముందు చేసే పని గురించే ఎక్కువ ఉంటుంది.

సంక్రాంతికి చరఖ్‌కు మాంజా చుట్టినట్టు అడ్డదిడ్డంగా చుట్టినా ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తుంది కదా అని కొందరంటారు. కొన్నాళ్లు పనిచేస్తుంది. వైరు మీద వైరు అడ్డంగా పడ్డచోట ఎనామెల్ (వైరు మీది ఇన్సులేషన్ పూత) నలుగుతుంది. కాయిల్ ఉబ్బి స్టాంపింగ్ (కోర్‌గా పేర్చే ఇనుప పలకలు) మధ్య ఉండే ఖాళీలో, అంటే కిటికీలో, పట్టదు, సుత్తితో కొట్టి దూరిస్తే లోపల ఎక్కడో గీసుకుంటుంది. పొరల మధ్య గాలి మిగిలిపోయి వేడి బయటికి రాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది వోల్టేజి. వరుసగా చుట్టిన కాయిల్‌లో పక్కపక్క చుట్ల మధ్య తేడా వోల్టులో మూడో వంతే ఉండొచ్చు. అంచు దగ్గర జారిన వైరు మూడు పొరలు కిందికి పోతే ఆ తేడా 100 వోల్టులు దాటుతుంది. మంచి ఎనామెల్ దాన్ని తట్టుకుంటుంది, గీత పడ్డది తట్టుకోదు.

ఏం చుడుతున్నాం

లెక్కలు గాల్లో చెబితే పట్టుబడవు కాబట్టి ఒక పని తీసుకుందాం. 230 వోల్టులు ఇస్తే 24 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. ఈఐ స్టాంపింగ్ (E, I అక్షరాల ఆకారంలో ఉండే పలకలు), మధ్య కాలు వెడల్పు 38.1 మిల్లీమీటర్లు, పేర్పు మందం కూడా అంతే. కొట్లో దీన్ని 16 నంబరు అంటారు. నంబరు చెప్పి ఊరుకోకుండా వెర్నియర్ పెట్టి కొలుచుకోండి. కిటికీ 57 మిల్లీమీటర్ల పొడవు, 19 మిల్లీమీటర్ల వెడల్పు. స్టాంపింగ్ మొత్తం 2.4 కిలోల దాకా తూగుతుంది.

ఈ కోర్‌కు 50 హెర్ట్జ్ మీద వోల్టుకు 3 చుట్లు సరిపోతాయి. ప్రైమరీ (230 వోల్టులు ఇచ్చే కాయిల్) 230 × 3, అంటే 690 చుట్లు, 24 గేజ్ వైరు. సెకండరీకి (24 వోల్టులు తీసుకునే కాయిల్‌కు) 24 × 3, అంటే 72 వస్తుంది. లోడ్ పడ్డప్పుడు వోల్టేజి తగ్గుతుంది కాబట్టి సుమారు 5 శాతం కలిపి 76 చుట్లు, 16 గేజ్. ప్రైమరీకి దాదాపు 280 గ్రాములు, సెకండరీకి 320 గ్రాముల రాగి పడుతుంది. కొనేటప్పుడు 350, 400 గ్రాములు తీసుకోండి. చివర్లో పది చుట్లకు వైరు చాలక మధ్యలో అతుకు వేయడం కన్నా దరిద్రం ఇంకోటి లేదు.

హైదరాబాద్‌లోనైతే ఎనామెల్ వైరు, లెదరాయిడ్ (ఇన్సులేషన్) పేపరు, స్లీవ్ (వైరు చివరకు తొడిగే గొట్టం), వార్నిష్ ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. బేరింగులు, పుల్లీల కోసం రాణిగంజ్ వెళ్లాలి. స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేది), దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు కోఠీ గుజరాతీ గల్లీలో చూడండి. మాండ్రెల్ (బాబిన్‌ను పట్టుకునే కడ్డీ) లాంటి లేత్ పని బాలానగర్‌లో చేయించుకోవచ్చు.

వైరు తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. చివర కత్తిరించి కోసిన ముఖం చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం. పైన ఎనామెల్ రంగు చూసి మోసపోవద్దు. 24 గేజ్ రాగి తీగ మందం 0.559 మిల్లీమీటర్లు. ఎనామెల్‌తో కలిపి మైక్రోమీటర్‌కు 0.60 నుంచి 0.63 చూపించాలి. ఒక ముక్క మీద ఎనామెల్ గీకి మళ్లీ కొలవండి. తీగే సన్నగా ఉంటే వేడెక్కుతుంది, ఎనామెల్ మరీ మందంగా ఉంటే మీ పొరల లెక్క తప్పుతుంది.

ఏ మెషిన్ అయినా ఉండాల్సినవి

చేత్తో తిప్పే కౌంటర్ మెషిన్‌లో గైడ్, అంటే వైరును వరుసలో పక్కకు నడిపేది, మీ వేళ్లే. దానికి కుట్టు మిషన్ మోటారు, కాలి పెడల్ తగిలించి నడిపేవాళ్లు చాలామంది. దాని పైమెట్టు గేర్లతో లీడ్ స్క్రూ (తిరుగుతూ గైడ్‌ను జరిపే మరకడ్డీ) తిరిగే మెషిన్: షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే గైడ్ ఎంత జరగాలో గేర్లు నిర్ణయిస్తాయి. ఆ పైది సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచేది), ఇందులో గైడ్‌ను స్టెప్పర్ మోటారు జరుపుతుంది. మూడింటి సూత్రం ఒకటే. ఒక చుట్టుకు గైడ్ ఒక వైరు మందం మేర జరగాలి, పొర చివర వెనక్కి తిరగాలి.

ఏ మెషిన్ అయినా ముందు షాఫ్ట్‌కు బాబిన్ ఎలా పట్టించారో చూడండి. ప్లాస్టిక్ బాబిన్‌ను ఖాళీగా బిగిస్తే వందల చుట్ల ఒత్తిడికి లోపలికి నొక్కుకుపోతుంది, ఆ తర్వాత స్టాంపింగ్ దూరదు. లోపల సరిగ్గా పట్టేలా టేకు దిమ్మె చేయించి మధ్యలో షాఫ్ట్‌కు తగ్గ రంధ్రం వేయించండి. దిమ్మె బాబిన్‌లో చేత్తో నెడితే వెళ్లాలి, వదులుగా ఆడకూడదు. రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల ఫైబర్ పలకలు పెట్టి నట్టు బిగించండి. ఈ పలకలు లేకపోతే చుట్లు పెరిగేకొద్దీ బాబిన్ పక్క గోడలు బయటికి వంగుతాయి. వంగిన గోడకూ వైరుకూ మధ్య పడే సందులోకే చివరి చుట్టు జారేది. బిగించాక చేత్తో తిప్పి చూడండి. బాబిన్ అంచు అర మిల్లీమీటరుకు మించి అటూ ఇటూ ఊగితే రంధ్రం మధ్యలో లేదన్నమాట. దాన్ని సరిచేయకుండా పిచ్ ఎంత సరిగ్గా పెట్టినా ప్రయోజనం లేదు.

ఇప్పుడు బాబిన్ మీద మార్కర్‌తో ఒక గుర్తు పెట్టుకోండి. నాలుగు ముఖాల్లో ఎదురెదురు రెండు స్టాంపింగ్ కిటికీలోకి వెళ్తాయి, మిగతా రెండు బయట ఉంటాయి. బయట ఉండే రెండింటి మీద గీత గీయండి. పేపరు అతివ్యాప్తి, టేపు, స్లీవ్, వైరు చివరలు, మందం పెంచే ప్రతిదీ గీత ఉన్న ముఖాల మీదే రావాలి. కిటికీ వైపు ముఖాల మీద అర మిల్లీమీటరు కూడా వృథా చేయకూడదు.

పిచ్: కొలిచి పెట్టండి, పట్టిక చూసి కాదు

గేజ్ పట్టిక తీగ మందం చెబుతుంది. మీకు కావాల్సింది పక్కపక్కన పడ్డ చుట్ల మధ్య దూరం. అది ఎనామెల్ మీద, టెన్షన్ మీద ఆధారపడుతుంది. కొలవడానికి ఒక నున్నటి కడ్డీ మీద అదే వైరును దగ్గరదగ్గరగా 20 చుట్లు చుట్టి వెర్నియర్‌తో మొత్తం వెడల్పు తీసుకోండి. 12.4 మిల్లీమీటర్లు వస్తే ఒక్కో చుట్టుకు 0.62.

పిచ్‌ను సరిగ్గా 0.62 పెట్టకండి. రీలు పొడవునా వైరు మందం కొంచెం మారుతూనే ఉంటుంది. పిచ్ వైరు కన్నా 0.01 తక్కువైనా 80 చుట్లు తిరిగేసరికి గైడ్ 0.8 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టు పైచిలుకు, వెనకబడి ఉంటుంది. వైరు ఏటవాలుగా వెనక్కి లాగబడి పక్క చుట్టు మీదికి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే ఆ గుట్ట మీద పై పొరలన్నీ చెదురుతాయి. కొలిచిన దానికి 2 నుంచి 4 శాతం కలపండి. మన వైరుకు 0.64. సందులు కంటికి కనీకనిపించకుండా ఉంటాయి, ఎక్కడం మాత్రం ఆగుతుంది. మరీ ధారాళంగా 0.70 పెడితే పై పొర వైరు కింది పొర సందుల్లోకి దిగి వరుస అలలు తిరుగుతుంది. ఎక్కువ తక్కువల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే కొంచెం ఎక్కువే మేలు.

పొరకు ఎన్ని చుట్లు పడతాయో ఇప్పుడు తేలుతుంది. బాబిన్ లోపలి వెడల్పు 53 మిల్లీమీటర్లు. 80 చుట్లకు గైడ్ జరిగేది 80 × 0.64, అంటే 51.2. దానికి ఒక వైరు మందం కలిపితే 51.8. మిగిలిన 1.2 మిల్లీమీటర్లను రెండు పక్కలా 0.6 చొప్పున పంచండి. అంచుల్లో ఈ ఖాళీ ఉండాలి. 53 మొత్తం నింపేద్దామని 82 చుట్లు కుక్కితే చివరి చుట్టు గోడకు తగిలి వెనక్కి మళ్లి కిందటి చుట్టు మీద కూర్చుంటుంది.

మొత్తం 690లో 8 నిండు పొరలకు 640 చుట్లు పోతే తొమ్మిదో పొరకు 50 మిగులుతాయి. ఈ 50ని కూడా 0.64 పిచ్‌తో చుడితే పొర మధ్యలోనే ఆగిపోయి ఒక మెట్టు మిగులుతుంది. సెకండరీ లావు వైరు ఆ మెట్టు మీద సరిగ్గా కూర్చోదు. తొమ్మిదో పొరకు మాత్రం పిచ్ 1.02 పెట్టి 50 చుట్లను మొత్తం వెడల్పు మీద పరచండి. ఇందులో ఇంకో లాభం ఉంది. ఎడమ గోడ దగ్గర మొదలెడితే తొమ్మిదో పొర సరిగ్గా కుడి గోడ దగ్గర ముగుస్తుంది, వైరు చివర పొర మీదుగా అడ్డంగా లాగాల్సిన పని లేకుండా నేరుగా బయటికి వస్తుంది.

గేర్ల మెషిన్‌లో 0.64 రావాలంటే, లీడ్ స్క్రూ చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిగేదైతే, షాఫ్ట్ వైపు 32 పళ్లు, స్క్రూ వైపు 100 పళ్ల గేరు. స్టెప్పర్‌తో సొంతంగా చేసుకున్న మెషిన్‌లో, చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ ఉంటే మిల్లీమీటరుకు 400 పల్సులు. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా 256 పల్సులు సమంగా పంపాలి. సమంగా అన్న మాట ముఖ్యం. చుట్టు పూర్తయ్యాక 256 పల్సులూ ఒక్కసారిగా పంపే ప్రోగ్రాములు తిరుగుతున్నాయి. వాటితో ప్రతి చుట్టులో ఒకేచోట వైరు కుదుపు తింటుంది.

టెన్షన్

వరుస చెడితే అందరూ ముందు పిచ్‌ను అనుమానిస్తారు. సగం సార్లు తప్పు టెన్షన్‌ది.

వదులుగా ఉంటే వైరు బాబిన్ చదునైన ముఖాల మీద విల్లులా ఉబ్బుతుంది, పక్కకు జరుగుతుంది. బిగువు ఎక్కువైతే రాగి సాగుతుంది. సాగిన వైరు సన్నబడి నిరోధం పెరుగుతుంది, ఎనామెల్‌లో కంటికి కనిపించని బీటలు పడతాయి. వైండింగ్ వైరు మెత్తటి రాగి కాబట్టి అది సాగడానికి పెద్ద బలం అక్కర్లేదు. తీగ కోత వైశాల్యంలో ప్రతి చదరపు మిల్లీమీటరుకు రెండున్నర నుంచి మూడు కిలోల లాగుడు దాటనీయకండి. 24 గేజ్‌కు వైశాల్యం 0.245 కాబట్టి 600 నుంచి 750 గ్రాములు. 36 గేజ్ లాంటి సన్న వైరుకు 75 నుంచి 90 గ్రాములు మాత్రమే.

వేళ్లతో అంచనా వేయొద్దు. కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగు త్రాసు తీసుకుని వైరు చివర తగిలించి, బాబిన్ వైపు నుంచి నెమ్మదిగా, ఆగకుండా లాగండి. కదులుతున్నప్పుడు చూపించే బరువే లెక్క. కదలడం మొదలైన క్షణంలో వచ్చేది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

బిగువు ఇచ్చేది సాధారణంగా రెండు ఫెల్ట్ ముక్కలు, వాటిని నొక్కే స్ప్రింగు, రెక్కల నట్టు. ఫెల్ట్ వైరు మీది దుమ్మును కూడా తుడుస్తుంది. వేసవిలో షట్టర్ ఎత్తి పనిచేసే దుకాణాల్లో రోడ్డు దుమ్ము తక్కువేమీ కాదు. వైరు రాసుకుని ఫెల్ట్‌లో గాడి పడితే బిగువు తగ్గిపోతుంది. గాడి కనిపించగానే ఫెల్ట్‌ను కొంచెం తిప్పి బిగించండి, నట్టు మాత్రం బిగించుకుంటూ పోకండి.

మన బాబిన్ చదరం. మూల తిరిగేటప్పుడు వైరు వేగంగా లాగబడుతుంది, ముఖం మీద నెమ్మదిస్తుంది. ఒక్క చుట్టులో నాలుగు కుదుపులు. వాటిని మింగడానికి ఫెల్ట్‌కూ గైడ్‌కూ మధ్య స్ప్రింగు చేయి ఒకటి, దాని కొసన పుల్లీ ఉండాలి. తిరుగుతున్నప్పుడు ఆ చేయి కొంచెం ఆడుతూ ఉండాలి. కదలకుండా నిలబడిందంటే స్ప్రింగు మరీ గట్టిది, ఒక చివరి నుంచి మరో చివరికి కొట్టుకుంటుంటే మరీ మెత్తనిది లేదా మీరు వేగం ఎక్కువ పెట్టారు.

రీలు సంగతి. లావు వైరైతే రీలు తిరుగుతూ వైరు వదలాలి, దానికి చిన్న బ్రేకు పట్టీ ఉండాలి. బ్రేకు లేకపోతే మెషిన్ ఆగినా రీలు ఆగదు, వైరు వదులై మెలిక పడుతుంది. ఆ మెలికను వేళ్లతో సాగదీసి ముందుకు పోనివ్వకండి. అక్కడ ఎనామెల్ అప్పటికే పగిలి ఉంటుంది. సన్న వైరుకు రీలును కదలకుండా నిలబెట్టి పైనుంచి తీసుకోవడం మేలు. దారిలో ఉన్న పుల్లీలు 24 గేజ్‌కు కనీసం 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉండి బేరింగు మీద తేలిగ్గా తిరగాలి. ఇరుక్కున్న పుల్లీ వైరును ఒకే పక్క గీస్తుంది. ఎనామెల్ పొడి పుల్లీ కింద సన్నగా రాలుతుంటే అది పట్టేసిందని తెలుసుకోండి.

చుట్టడం

1. గైడ్‌ను ఎడమ గోడకు 0.6 ఖాళీ వదిలి నిలపండి. సీఎన్‌సీలో ఇదే సున్నా స్థానం. గైడ్ మొన నుంచి బాబిన్‌కు దూరం 50 నుంచి 75 మిల్లీమీటర్లు చాలు. మరీ దూరమైతే గైడ్ చెప్పింది వైరు ఆలస్యంగా వింటుంది, పొర చివర ఈ ఆలస్యమే గందరగోళం చేస్తుంది.

2. వైరు మొదటి చివరకు స్లీవ్ తొడిగి గోడలోని కంత గుండా బయటికి 15 సెంటీమీటర్లు తీయండి. స్లీవ్ లోపలికి కూడా 10 మిల్లీమీటర్లు రావాలి. కాటన్ టేపును వైరు కిందుగా మడిచి, దాని రెండు కొసల మీదుగా మొదటి అయిదారు చుట్లు పోయేలా పెడితే చివర కదలదు.

3. కౌంటర్ సున్నా చేయండి. మొదటి పొర నిమిషానికి 60 నుంచి 80 చుట్ల వేగంతో మాత్రమే. పైన వచ్చే ప్రతి పొరకూ పునాది ఇదే కాబట్టి ఇక్కడ అయిదు నిమిషాలు ఎక్కువ పోయినా ఫరవాలేదు. మొదటి 10 చుట్ల తర్వాత ఆపి చూడండి. వైరు గైడ్ నుంచి బాబిన్‌కు నిటారుగా, లేదా ముందు చుట్టుకు ఆనుకునేలా అతి కొంచెం వెనక్కి వాలి రావాలి.

4. 80 దగ్గర ఆపి, గీత పెట్టిన ముఖం పైకి ఉండేలా నిలిపి, వైరు మీద ఒక టేపు ముక్క అంటించండి. నైలాన్ దిమ్మెతో నాలుగు ముఖాలనూ మెల్లగా నొక్కండి. ఉబ్బు ఇక్కడే దిగాలి, తొమ్మిది పొరలయ్యాక నొక్కితే దిగదు.

5. పేపరు వేయండి. 0.05 మిల్లీమీటర్ల పాలియెస్టర్ ఫిల్మ్ లేదా అంతే మందం ఉన్న క్రాఫ్ట్ పేపరు. పట్టీ వెడల్పు 53 కాదు, 59. రెండు అంచుల్లోనూ 3 మిల్లీమీటర్ల లోతున కుచ్చులా కత్తిరించి గోడల వెంట పైకి మడవండి. పొర చివరి వైరు జారి కిందికి పోకుండా ఆపేది ఈ మడతే. కత్తిరించకుండా వెడల్పు పట్టీ వేస్తే మూలల దగ్గర ముడుచుకుని గుట్ట కడుతుంది. సరిగ్గా 53 వేస్తే సందు అలాగే ఉంటుంది.

6. గైడ్ దిశ మార్చి రెండో పొర. ఇక వేగం 200 నుంచి 300 దాకా పెంచవచ్చు, కానీ ఒక్కసారిగా కాదు. మొదలవడం, ఆగడం రెండూ మెల్లగా జరిగేలా పెట్టండి. షాఫ్ట్ తిరిగే దిశ మాత్రం ఎప్పుడూ మార్చకూడదు.

7. ఇలాగే 640 దాకా. ఆ తర్వాత పిచ్ 1.02 పెట్టి 50 చుట్లు. చివరకు మళ్లీ స్లీవ్, టేపు.

ఈ దశలో మల్టీమీటర్ పెట్టండి. వైరు రెండు చివరల్లోనూ ఎనామెల్ బ్లేడుతో పూర్తిగా గీకి కొలిస్తే 9 ఓంల దగ్గర చూపించాలి. 14 వచ్చిందంటే వైరు రాగి కాదు. 10 దాటితే గేజ్ సన్నది లేదా టెన్షన్‌కు సాగింది. 8 కన్నా తక్కువుంటే చుట్లు తక్కువ పడ్డాయి.

ప్రైమరీకి, సెకండరీకి మధ్య ఇన్సులేషన్‌లో పొదుపు వద్దు. 0.125 మిల్లీమీటర్ల పాలియెస్టర్ ఫిల్మ్ మూడు చుట్లు, అంచులు కుచ్చుతోనే. 230 వోల్టుల వైపు నుంచి మనిషి ముట్టుకునే వైపుకు మధ్య ఉన్న అడ్డు అదొక్కటే.

పొర చివర మలుపు

వరుస చెడేది ఎక్కువగా పొర మధ్యలో కాదు, మలుపు దగ్గర. గైడ్ వెనక్కి తిరిగినప్పుడు స్క్రూకూ నట్టుకూ మధ్య ఉన్న ప్లే (వదులు) తీరేదాకా గైడ్ కదలదు. ప్లే 0.3 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు సగం చుట్టు సేపు గైడ్ నిలిచిపోతుంది. వైరు అక్కడే పోగుపడుతుంది. ప్లే ఎంతుందో తెలుసుకోవాలంటే గైడ్‌ను కుడికి 5 మిల్లీమీటర్లు, మళ్లీ ఎడమకు 5 జరిపి డయల్ గేజ్‌లో తేడా చూడండి. సీఎన్‌సీలో ఆ అంకెను సెట్టింగులో ఇవ్వవచ్చు. లేకపోతే స్ప్రింగు ఉన్న జంట నట్టు వేయించండి. గేర్ల మెషిన్‌లోనైతే మలుపు దగ్గర గైడ్‌ను చేత్తో అర మిల్లీమీటరు ముందుకు నెట్టి మొదలుపెట్టడమే మందు.

ఒకే పక్క మాత్రమే గుట్ట కడుతుంటే ప్లే కాదు, సున్నా స్థానం జరిగింది. రెండు పక్కలా గుట్ట కడుతుంటే గైడ్ ప్రయాణం పొడవు ఎక్కువ పెట్టారు. రెండు పక్కలా లోయ పడుతుంటే తక్కువ పెట్టారు, లేదా గైడ్ బాబిన్‌కు దూరంగా ఉంది. గుట్ట ఒక్కో పొరకూ ఒక పక్కకు పెరుగుతూ పోతుంటే షాఫ్ట్ కప్లింగు స్క్రూ వదులైంది చూడండి.

వైరు ఒక చుట్టు మీదికి ఎక్కడం కనిపించగానే ఆపి, ఆ చుట్టు దాకా విప్పి మళ్లీ చుట్టండి. పర్వాలేదులే, పైన పేపరు వేస్తాం కదా అనుకుంటే రెండు పొరల తర్వాత ఆ రెండు పొరలూ విప్పాల్సి వస్తుంది. విప్పేటప్పుడు కౌంటర్‌ను చూసుకోండి. చక్రాల కౌంటర్ వెనక్కి తిప్పితే తగ్గుతుంది. అయస్కాంతం, సెన్సార్ పెట్టిన చవక కౌంటర్లలో కొన్ని వెనక్కి తిప్పినా పెంచుకుంటూనే పోతాయి. మీది ఏ రకమో ఖాళీ షాఫ్ట్ మీద ముందే తిప్పి చూడండి. కరెంటు పోతే అంకె నిలుస్తుందా లేదా అన్నది కూడా అప్పుడే పరీక్షించండి. నిలవనిదైతే ప్రతి పొర పూర్తవగానే పెన్సిల్‌తో కాగితం మీద రాసుకోవడం తప్పదు.

లావు వైరు సెకండరీ

16 గేజ్‌కు పద్ధతి కొంచెం మారుతుంది. ఎనామెల్‌తో 1.72 మిల్లీమీటర్లు. పొరకు 29 దాకా పడతాయి. కానీ 29, 29, 18 అని చుట్టడం కన్నా 26, 25, 25 చొప్పున 1.95 పిచ్‌తో మూడు నిండు పొరలుగా పరచడం మంచిది. లావు వైరు బిరుసుగా ఉంటుంది కాబట్టి ఆ చిన్న సందుల్లో కదలదు, పైభాగం చదునుగా వస్తుంది. టెన్షన్ 5 కిలోల దగ్గర. వేగం నిమిషానికి 20 నుంచి 30. మెషిన్‌కు అంత నెమ్మదిగా నడిచే బలం లేకపోతే మోటారు తీసేసి చేత్తో తిప్పండి.

మూలల దగ్గర వైరు ఒంగడానికి మొరాయిస్తుంది. ప్రతి రెండు మూడు చుట్లకు ఒకసారి చెక్క ముక్క అడ్డం పెట్టి చిన్న నైలాన్ సుత్తితో మూల మీద కాక ముఖం మీద తట్టండి. మూల మీద కొడితే కింది ప్రైమరీ నలుగుతుంది. 18 గేజ్ రెండు పోగులు కలిపి చుడితే ఒంగడం సులువే, అయితే రెండూ పక్కపక్కనే పడాలి, ఒకదాని మీద ఒకటి కాదు. పైగా నాలుగు పొరల్లో పట్టదు, అయిదోది వస్తుంది. కిటికీలో చోటుంది కాబట్టి కుదురుతుంది.

తిరిగే దిశ ప్రైమరీదే. రెండు వైండింగుల్లోనూ వైరు మొదలయ్యే కొసలకు ఒకే రంగు స్లీవ్ వేస్తే తర్వాత తికమక ఉండదు. అన్నీ అయ్యాక బాబిన్ గోడతో కలిపి మందం 14 నుంచి 15 మిల్లీమీటర్లు రావాలి. కిటికీ 19. ఉబ్బుతో 17 దాకా ఉన్నా స్టాంపింగ్ హాయిగా వెళ్తుంది.

కరెంటు ఇచ్చే ముందు

స్టాంపింగ్ పేర్చకుండా కాయిల్‌కు 230 వోల్టులు ఎప్పుడూ ఇవ్వకండి. కోర్ లేకపోతే కరెంటును ఆపేది ప్రధానంగా ఆ 9 ఓంలే, క్షణాల్లో కాలిపోతుంది. ఈ, ఐ పలకలను ఒక్కొక్కటి అటూ ఇటూ మార్చి పేర్చి బోల్టులు బిగించాక, 60 వాట్ల తీగ బల్బును సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. వేసిన క్షణంలో బల్బు ఒకసారి మెరిసి ఆరిపోవడం మామూలే. ఆ తర్వాత అసలు వెలగకుండా, లేదా లోపలి తీగ ఎర్రగా కనీకనిపించకుండా ఉండాలి. నిలకడగా వెలుగుతుంటే లోపల ఎక్కడో చుట్లు కలిశాయి. అప్పుడు సెకండరీ విప్పి మళ్లీ చూడండి, వెలుగు పోతే తప్పు అందులోదే.

బల్బు తీసేసి నేరుగా ఇచ్చినప్పుడు సెకండరీలో ఖాళీగా 25.3 వోల్టుల దగ్గర రావాలి. మీ వీధిలో 230 కాక 245 వస్తుంటే ఆ నిష్పత్తిలోనే పెరిగి 27 చూపిస్తుంది, కాబట్టి ముందు సాకెట్‌లో వోల్టేజి కొలుచుకోండి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ప్రైమరీకీ కోర్‌కూ మధ్య, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య చూస్తే పొడి కాయిల్‌కు 100 మెగాఓంలు దాటాలి. జూలై, ఆగస్టు ముసురులో పేపరు చెమ్మ పీల్చుకుని ఇది బాగా పడిపోతుంది. కాయిల్‌ను 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి, వెచ్చగా ఉండగానే వార్నిష్‌లో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. చల్లటి కాయిల్‌ను ముంచితే వార్నిష్ పై పొర దగ్గరే ఆగిపోయి లోపలి చెమ్మను బంధిస్తుంది. తీసి అరగంట కారనిచ్చి, వార్నిష్ డబ్బా మీద రాసిన వేడిలో అది చెప్పినంత సేపు ఆరబెట్టి, చల్లారాక మెగ్గర్ మళ్లీ పెట్టండి.